పిలిచినందుకు పొడిచిన నూక

పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో, మామిడి తోటలు దాటినాక ఎడమ చేతి వైపు ఒక పొడుగాటి రేకుల షెడ్డు కనిపిస్తుంది. బయటి నుంచి చూసినవాళ్ళు మామూలు కోళ్ళ ఫారమే అనుకుంటారు. లోపల వేల కోళ్ళేమీ ఉండవు. గుడ్డు పగిలి నాలుగైదు రోజులు కూడా కాని పిల్లలు ఓ వంద, ఒక్కొక్కటి ఒక్కో చిన్న పంజరంలో, వెచ్చటి బల్బుల కింద ఉంటాయి. కోడిపిల్లకు ఆకలి ఎట్లా పుడుతుంది, ఎట్లా చస్తుంది అని చదివేవాళ్ళు అక్కడ పనిచేస్తారు. ఆ పిల్లలకు మేత తూచి పెట్టే పని జైనాబ్‌ది.

జైనాబ్‌కు యాభై నాలుగేళ్ళు. పుట్టింది కుప్పంలో, రైల్వే స్టేషను వెనక వీధిలో. ఆమె తల్లి పెరట్లో నాటుకోళ్ళు పెంచి, గుడ్లను గడ్డి పరిచిన బుట్టలో పెట్టుకుని బెంగళూరు పోయే ప్యాసింజరులో అమ్మేది. తల్లి రైలెక్కినాక పెరట్లో పిల్లల మంచిచెడ్డలు జైనాబ్ చూసుకునేది. తల్లికోడి లేని పిల్లలు మేత ఎదురుగా పోసినా తినవు. అది మేత అని వాటికి ఎవరో ఒకరు చెప్పాలి. పాత పేపరు పరిచి, నాలుగు రాగి నూకలు చల్లి, చూపుడు వేలి గోటితో పేపరు మీద టకటకా కొడితే, తల్లి ముక్కు చప్పుడనుకుని పిల్లలు ఉరుక్కుంటూ వచ్చి పొడుస్తాయి. ఒకటి పొడిస్తే చూసి ఇంకొకటి పొడుస్తుంది. బిస్మిల్లా అనకుండా ఆమె ఏనాడూ పేపరు మీద వేలు పెట్టలేదు. దేవుడి పేరు చెప్పి పెట్టిన మేత ఒంటబడుతుందని తల్లి నేర్పింది. ఈ రెండే ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన చదువులు.

పెళ్ళయి మదనపల్లెకు వచ్చింది. భర్త అబ్దుల్ వహాబ్ పరుపులు కుట్టేవాడు. ముసలివాళ్ళకు పరుపు కావాలని ఎవరైనా వస్తే, కొలతలు తీసుకుని ఊరుకునేవాడు కాదు. ఏ పక్కకు తిరిగి పడుకుంటారో అడిగి, ఆ పక్క రెండు పిడికిళ్ళు బూరుగు దూది ఎక్కువ కూరేవాడు. అందుకని వేరే రేటేమీ లేదు. ఫోము పరుపులు వచ్చినాక అంగడి మూతబడింది. వాళ్ళకు పిల్లలు లేరు, కట్టిపడేసేదేమీ లేదు, పుంగనూరు వచ్చేసినారు. వహాబ్ ఇంటింటికీ పోయి పాత పరుపులు విప్పి కుట్టేవాడు. జైనాబ్ ఈ షెడ్డులో చేరి తొమ్మిదేళ్ళయింది.

వహాబ్ మనిషి సన్నమే గాని తిండిపుష్టి గలవాడు. రెండు సంగటి ముద్దలు, మీద ఊరిబిండి పచ్చడి, పక్కన ఏదో ఒక పులుసు ఉండాల్సిందే. తింటూ మాట్లాడేవాడు, మాట్లాడుతూ తినేవాడు. జైనాబ్ పక్కన కూర్చుని వడ్డించి, ఆయన లేచినాక వంటింట్లో నిలబడే ఏదో కతికేది. ఆయన కడుపు నిండితే తనది నిండినట్టే ఆమెకు.

అట్లాంటి మనిషి పోయిన చలికాలం ఒక ముద్ద దగ్గర ఆగినాడు. సంక్రాంతి వెళ్ళేసరికి సగం ముద్ద. మదనపల్లెలో స్కానింగు తీస్తే కడుపులో గడ్డ అన్నారు. బెంగళూరు పెద్దాసుపత్రికి పోతే, లివరు దాకా పాకింది, కోసి లాభం లేదన్నారు. తిరిగి వచ్చినాక మదనపల్లె డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, "ఇష్టమైంది చేసి తినిపించమ్మా" అన్నాడు. ఆయన ఆ మాట జాలితో అన్నాడు. జైనాబ్ దాన్ని మందుచీటీలా పట్టుకుంది. తింటే ఉంటాడు, తినకపోతే పోతాడు. ఆనాటి నుంచి ఆమెకు లోకంలో ఇంకో పని లేదు.

"అజీ, నోరు తెరువు. ఇది ఒక్కటే" అనేది.

"ఇందాక కూడా ఒక్కటే అన్న్యావు."

"అది పొద్దన్నటి ఒక్కటి. ఇది మాపటిది."

ఆయన నవ్వి నోరు తెరిచేవాడు. ఆమె ముద్దలు లెక్కపెట్టుకునేది. ఒకనాడు పదకొండు ముద్దలు తిన్నాడని అల్లాకు కృతజ్ఞతగా నఫిల్ నమాజు చదివింది. కానీ నాలుగు రోజులకే ఆయన చేతి గడియారం జారి మోచేతి దాకా పోతా ఉండింది.

ఆ రోజుల్లోనే షెడ్డులో ఉషారాణి కొత్త పని మొదలుపెట్టింది. ఉషారాణి పశువుల డాక్టరు, పై చదువు కోసం ఈ పిల్లల మీద పరిశోధన చేస్తోంది. ఆమెదీ కుప్పం పక్కే. పనివాళ్ళకు కూడా విషయం విడమరిచి చెప్పి పని చేయించుకునే మనిషి. పంజరాలు కడిగే నాగమ్మ, మేత తూచే జైనాబ్, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఆకలేస్తాందా లేదా అనేది తేల్చేది కడుపు కాదు నాగమ్మా, మెదడు. మెదడు లోపల చిన్న చిన్న కబుర్లు తిరుగుతాంటాయి. పెప్టైడ్లు అంటాం. ఒకటి తిను అంటాది, ఇంకొకటి చాలు అంటాది. ఈ పసిపిల్లల్లో ఏది ఎంత గట్టిగా చెప్తాదో చూడాల."

"తిను అనేదాని పేరేందమ్మా?" అని నాగమ్మ అడిగింది.

"న్యూరోపెప్టైడ్ వై."

"ఇంగిలీసులో వై అంటే యాల, ఎందుకు అని మా మనవరాలు సెప్పింది. యాల తింటాండావు అని అడుగుతాదా అది?"

"అడగదు. అడక్కుండానే తినిపిస్తాది" అని ఉషారాణి నవ్వింది.

ఆనాటి నుంచి అది యాల మందయింది. చాలు అనే రెండోదాని పేరు గ్రెలిన్. నాగమ్మ నోట్లో పడి అది గిరి మందయింది. ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కించినవి నీళ్ళ పిల్లలు. వారం తిరిగేసరికి డాక్టరమ్మ కూడా అవే పేర్లు పిలవడం మొదలుపెట్టింది.

పిల్లలకు మూడు గంటలు మేత ఆపేవారు. ఆ తరువాత ఉషారాణి వెంట్రుకంత సన్న సూదితో తలలోకి చుక్కలో చుక్క ఎక్కించి పంజరంలో వదిలేది. జైనాబ్ మేత గిన్నె తూచి ముందర పెట్టి, అరగంటకోసారి మళ్ళీ తూచి ఎంత తగ్గిందో రాయాలి. యాల మందు పిల్లలు గిన్నెలోకి దూకి తినేవి. నీళ్ళ పిల్లలు వాటి మానాన తినేవి. గిరి మందు పిల్లలు మాత్రం నిండు గిన్నె పక్కన నిలబడి, ఒకసారి మేత వైపు చూసి, కళ్ళు మూసి తూగేవి. మూడు గంటల పస్తుతో ఉన్న పసికూనలు. తొమ్మిదేళ్ళుగా పిల్లలకు మేత పెట్టిన జైనాబ్ ఆ చూపు చూడలేక అంకెల కాగితం మీదికి వంగేది.

ఒకనాడు ఉషారాణి ఇంకో మాట చెప్పింది. "విచిత్రమేందంటే, మనుషుల్లో ఇదే గ్రెలిన్ ఆకలి పుట్టిస్తాది. కోడిపిల్లల్లో మాత్రం ఆకలి చంపుతాది. యాల అట్లా అంటే ఇంకా తేలలేదు."

జైనాబ్ ఆ మాటొక్కటే పట్టుకుంది. మనుషుల్లో ఆకలి పుట్టిస్తాది. ఆ సాయంత్రం ఉషారాణి స్కూటీ తీసేవేళకు గేటు దగ్గర నిలబడింది.

"మేడమ్, గిరి మందు ఒక్క చుక్క. మా ఆయనకు."

ఉషారాణి స్కూటీ ఆపింది. హెల్మెట్ తీసి సీటు మీద పెట్టింది.

"అది మందు కాదమ్మా జైనాబమ్మా. మనం మందు మందు అని అలవాటు చేసుకున్నాం అంతే. పిల్లల మెదడు చదివేదానికి వాడేది. మనిషికిచ్చేది కాదు. ఇస్తే నేను మీ ఇంటికి చెరుపు చేసినదాన్నవుతా."

"రవ్వంత కూడా పనికిరాదా?"

"పనికొస్తే నేనే తెచ్చిస్తును కదమ్మా."

జైనాబ్ తల ఊపింది. నమ్మలేదని కాదు. ఇంక మందు లేదని నమ్మినందుకే, మరుసటి రోజు గిరి మందు పిల్లల వరుస ముందర కూర్చున్నప్పుడు చెయ్యి ఊరుకోలేదు. ఉషారాణి పక్క గదిలో సూదులు చూసుకుంటోంది. పంజరంలో అడుగున పరిచిన పేపరు మీద, గిన్నె పక్కన, జైనాబ్ బిస్మిల్లా అని గోటితో టకటకా కొట్టింది. తూగుతున్న పిల్ల కళ్ళు తెరిచింది. మెడ చాచింది. వచ్చి గిన్నెలో పొడిచింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ పొడిచింది. జైనాబ్‌కు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చినాయి. పిలిచేవాళ్ళు లేక గాని పిల్లలు తినకపోవడమేమిటి అనుకుంది. వరుసంతా పిలిచింది. నాలుగు రోజులు పిలిచింది. ఇంటికి పోయి అంతకు రెట్టింపు ఓపికతో వహాబ్ ముందర పళ్ళెం పట్టుకుని కూర్చుంది. ఆయనా నోరు తెరిచినాడు.

ఐదో రోజు ఉషారాణి రాసిన అంకెలన్నీ ముందరేసుకుని కూర్చుని, పెన్ను కింద పెట్టేసింది. గిరి మందు పిల్లల గిన్నెల్లో మేత తగ్గింది. తగ్గకూడదు. అంటే మందు చెడిపోయుండాలి. మందు ఫ్రిజ్జులో ఉంటుంది, కరెంటు పోతే ఇన్వర్టరు వేయాల్సింది నాగమ్మ.

"నాగమ్మా, మొన్న కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు వేసినావా? నిజం చెప్పు, తిట్టను."

"వేసినానమ్మా. గంగమ్మ సాక్షిగా వేసినా." నాగమ్మ చీపురు పట్టుకునే నిలబడింది. "నేను సదువుకోలేదు గాని స్విచ్చి ఎట్లా వేసేదో తెలుసు."

జైనాబ్ లేచి ఇద్దరి మధ్యకు వచ్చింది.

"నాగమ్మ తప్పు లేదు మేడమ్. నేను పిలిచినాను."

"ఎవర్ని?"

"పిల్లల్ని."

జైనాబ్ చెప్పుకొచ్చింది. కుప్పం పెరడు, పాత పేపరు, తల్లి నేర్పిన గోటి చప్పుడు, నాలుగు రోజులుగా తాను చేసింది, అన్నీ చెప్పింది. పని నుంచి తీసేసినా పరవాలేదు గాని నాగమ్మను అనవద్దంది. నాగమ్మ చీపురు గోడకు ఆనించి, "ఎంత పని సేసినావక్కా" అని గొణిగింది. అందులో కోపం కంటే జాలే ఎక్కువ.

ఉషారాణి ముఖం ఎర్రబడింది. నాలుగు రోజుల పని పోయింది. ఆమె కాగితాలు పక్కకు నెట్టి లేచింది. "ఒకసారి నా ముందర పిలువు" అంది.

అప్పుడే సూది వేసిన గిరి మందు పిల్లను తెచ్చి పెట్టింది. జైనాబ్ గోటితో కొట్టింది. పిల్ల వచ్చింది, పొడిచింది. అట్లా పది, పదిహేను సార్లు. ఉషారాణి పిల్లను చేతిలోకి తీసుకుని, జైనాబ్ వేలు పట్టుకుని పిల్ల మెడ కింద పెట్టింది. అక్కడ తిన్న మేత నిలిచే చిన్న సంచి ఉంటుంది. మేత తిన్న పిల్లకు అది శెనక్కాయ గింజలా తగలాలి. ఏమీ తగల్లేదు. తరువాత పంజరంలో పేపరు పైకెత్తి చూపింది. కాలి గీతల మధ్యన తడి తడిగా నూకలు రాలి ఉన్నాయి.

"చూసినావా. పొడిచింది గాని తినలేదు. నువ్వు పిలిచినావని వచ్చింది. నీ మాట తీసెయ్యలేక ముక్కున పెట్టుకుని జారవిడిచింది. లోపల చాలు చాలు అంటాంటే అది మాత్రం ఏం చేస్తాది?"

జైనాబ్ ఒక తడి నూకను వేలితో తీసుకుంది. "మా ఆయనకూ ఇంతేనా మేడమ్?" అని అడిగింది.

ఉషారాణి పిల్లను బల్బు కిందికి వదిలి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"ఆయన మెదడులో తిను అనే కబురు లేక కాదమ్మా. ఎక్కువే ఉంటాదంట, అట్లాంటి జబ్బుల్లో. ఆ గడ్డ చాలు చాలు అని అరుస్తాంటే, ఆ కబురు వినపడదు. నీ వంట తప్పు కాదు, నీ చెయ్యి తప్పు కాదు. ఆయన మొండితనమూ కాదు."

ఆ నాలుగు రోజుల అంకెలు ఉషారాణి ఎర్ర గీత పెట్టి కొట్టేసింది. పని మళ్ళీ మొదటి నుంచి చేసుకుంది. జైనాబ్‌ను తీసేయలేదు. పైగా మధ్యాహ్నం రెండు గంటలు ఇంటికి పోయి రమ్మంది. ఆ రెండు గంటలు గిన్నెలు తాను తూచేది, నాగమ్మ పక్కన నిలబడి అంకెలు చదివేది. అంకెలు చదవడం నాగమ్మకు మనవరాలు నేర్పింది.

మొదటి మధ్యాహ్నం జైనాబ్ ఇంటికి పోయి, వహాబ్‌ను ఒక పక్కకు తిప్పి దుప్పటి మార్చింది. దిండుకూ గోడకూ మధ్య మడిచిన తువ్వాలు దొరికింది. విప్పితే నమిలి మింగని సంగటి ముద్దలు, ఎండినవి కొన్ని, తడివి కొన్ని. తను నీళ్ళ కోసం వంటింట్లోకి పోయిన ప్రతిసారీ ఆయన ఏం చేసినాడో ఆమెకు తెలిసిపోయింది. ఆ పదకొండు ముద్దల రోజు కూడా.

వహాబ్ తప్పు చేసి దొరికిన పిల్లాడిలా చూసినాడు.

"యాల ఇట్లా సేసినావు?" అంది ఆమె. అడగడంలో కోపమేమీ లేదు.

"నువ్వు పిలుస్తాండావు కద జైనూ. నోరు తెరవకుంటే నీ మొగం సూడలేను."

"నొప్పా, మింగితే?"

"నొప్పి కాదు. లోపల వాకిలి మూసేసినట్లుండాది. ఆకలంటే ఎట్లుంటాదో మర్సిపోయినా. నీ సంగటి వాసన తెలుస్తాది, బాగుందనీ తెలుస్తాది. కావాలని మాత్రం అనిపించడంల్యా."

జైనాబ్ తువ్వాలు తీసుకుపోయి ఉతికి ఆరేసింది. వచ్చి మంచం పట్టె మీద కూర్చుని ఆయన చెయ్యి తీసుకుంది. గడియారం ఎప్పుడో తీసేసినారు. మణికట్టు మీద దాని తెల్లటి గుర్తు మాత్రం ఉంది.

"ఇంక పిలవను" అంది. "అడిగితే ఇస్తా. అడక్కపోతే ఊరికే కూర్చుంటా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నెలల తరువాత ఆ ముఖంలో బరువు దిగినట్టయింది. "అయితే ఒకటి అడుగుతా" అన్నాడు.

"అడుగు."

"నువ్వు తిను. ఈడ కూర్చోని తిను. ముప్పై ఏండ్లయింది, నువ్వు తినేది నేను సరిగ్గా సూడనే లేదు. వంటింట్లో నిలబడి ఏం తింటాండావో, ఎంత తింటాండావో. ఈ నెల రోజులుగా అదీ ల్యా."

ఆమె వద్దంది. ఆయన ఎదుట తాను ఎట్లా తినడం? కానీ ఆయన ఊరుకోలేదు. చివరికి పళ్ళెంలో ఒక ముద్ద, నాగమ్మ తన మడి నుంచి కోసుకొచ్చిన చెంచలాకుతో వండిన పప్పు పెట్టుకుని వచ్చి ఆయన మంచం పక్కన కింద కూర్చుంది. ఆయన చూస్తుండగా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు సరిపోయిందా?" అని ఆయన అడిగినాడు.

"రవ్వంత తక్కువైంది."

"ఏసుకో పో."

ఆమె పోయి ఉప్పు తెచ్చుకుంది.

ఆ తరువాత రోజూ అంతే. మధ్యాహ్నం ఆమె వచ్చి, ఆయన ఎండిన పెదవులకు నాలుగు చెంచాల నీళ్ళో, అడిగితే పాలో పోసి, తన పళ్ళెం తెచ్చుకుని కూర్చునేది. ఆయన చూసేవాడు. తిండి గురించి పోట్లాట లేనందువల్ల ఇద్దరికీ వేరే మాటలు దొరికినాయి. మదనపల్లె అంగట్లో ఒక ముసలాయన తన పరుపు మీద పడుకోగానే అక్కడే గురకపెట్టిన సంగతి చెప్పి నవ్వినాడు. నవ్వితే ఆయాసం వచ్చింది, అయినా నవ్వినాడు.

ఒకరోజు మదనపల్లె నుంచి వహాబ్ అక్క మెహ్‌నాజ్ మేకకాళ్ళ పాయా వండి టిఫిను క్యారియరులో పట్టుకుని బస్సు దిగింది. లోపలికి రాగానే కనిపించింది పళ్ళెం ముందర జైనాబ్, మంచం మీద ఎముకల గూడయిన తమ్ముడు.

"బాగుండాది దుల్హన్" అని తమ్ముడి భార్యను ఎత్తిపొడిచింది. "మొగుడు పస్తుంటే పెండ్లాం ఎదురుగా కూర్చోని మెక్కుతాండాది. మేము పెంచి నీ చేతికిస్తే, తిండి పెట్టకుండా సంపుతాండావా?"

జైనాబ్ పళ్ళెం పక్కకు జరిపింది. మెదడు, కబుర్లు, గిరి మందు అంటే ఎవరు వింటారు? మెహ్‌నాజ్ గిన్నె మూత తీసి, ముక్క చిదిపి, తమ్ముడి నోటి దగ్గర పెట్టింది. "ఒక్కటే నాయనా, ఒక్కటి" అని బతిమాలింది. ఆమెది కోపం కాదు, భయం. మొన్న మొన్నటి దాకా తానూ ఇట్లాగే బతిమాలిందని జైనాబ్‌కు గుర్తుకొచ్చింది.

వహాబ్ నోరు తెరవలేదు.

"ఆపా" అన్నాడు మెల్లగా. "మన అమ్మ చేసినట్లే వాసనొస్తాండాది. నాకొద్దు. ఆ పాయా జైనూకు పొయ్యి. నువ్వూ పోసుకో. ఇద్దరూ తింటాంటే నేను సూస్తా."

మెహ్‌నాజ్ ముక్కను మళ్ళీ గిన్నెలో వేసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జైనాబ్ లేచి ఇంకో పళ్ళెం తెచ్చి ఆడబిడ్డ ముందర పెట్టింది. ఇద్దరు ఆడవాళ్ళూ ఆయన ముందర కూర్చుని, ఏడుస్తూనే పాయా తాగినారు. ఆరోజు సాయంత్రం బస్సెక్కేముందు మెహ్‌నాజ్ జైనాబ్ చెంప మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

పళ్ళెం ముందర పెట్టుకున్న భార్యను చూస్తూ వహాబ్ గడిపింది మొత్తం పదకొండు రోజులు.

చివరి రోజు శుక్రవారం. మసీదులో జుమ్మా నమాజు అయిపోయి వీధిలో మనుషులు తిరిగి వస్తున్నారు. జైనాబ్ సంగటి, వంకాయ పులుసు పెట్టుకుని కూర్చుంది. ఆయన కళ్ళు సగం తెరిచి ఉన్నాయి.

"ఏం సేసినావు ఈపొద్దు?" గొంతు వినపడీ వినపడనట్టుంది.

"వంకాయ పులుసు. కాయలు నాగమ్మ ఇచ్చింది. లేతవి."

"తిను."

ఆమె ముద్ద తుంచి పులుసులో అద్ది నోట్లో పెట్టుకుంది. ఉప్పు సంగతి అడుగుతాడని ఎదురుచూసింది. అడగలేదు. తల ఎత్తి చూసింది. కళ్ళు ఆమె వైపే ఉన్నాయి, ఛాతీ కదలడం లేదు.

ముద్ద నోట్లోనే ఉంది. ఉమ్మేయబుద్ధి కాలేదు. తాను తినడం చూడాలని కోరిన మనిషి, తినడం చూస్తూనే పోయినాడు. మెల్లగా నమిలింది. చాలాసేపు నమిలింది. మింగింది. లేచి చెయ్యి కడుక్కుని తుడుచుకుంది. ఇన్నా లిల్లాహి అని, తడి ఆరని వేళ్ళతో ఆయన కళ్ళు మూసింది.